తడపని డబ్బా

ఇన్నేళ్ళుగా నేను మోస్తున్న బరువు ఏమిటో ముందే చెప్పేస్తాను. అది ఒక ఖాళీ డబ్బా. నవ్వుకుంటే నవ్వుకోండి. ఖాళీ డబ్బాను దించడానికి ఇంత కాలం పడుతుందా అని నన్ను నేనే చాలాసార్లు అడిగాను. దించాలంటే దాని గురించి ఎవరికో ఒకరికి చెప్పాలి. ఇంట్లో చెప్పలేదు. ఆఫీసులో చెప్పలేదు. చెప్పాల్సిన మనిషికి అసలే చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. ఇందులో నా పిరికితనం కూడా ఉంది, అది మీకు కనబడుతూనే ఉంటుంది.

నా పేరు రాయను, మా శాఖ పేరూ రాయను. జనగామలో ఉంటాను. బంకుల దగ్గర జనం నన్ను మేడం అంటారు. మీరు బండి ఆపి, మూత తీసి, మీటరు మీద సున్నా చూసుకుని, పెట్రోలు పోయించుకుని వెళ్ళిపోతారు. మీ ట్యాంకులోకి నిజంగా ఎంత పడిందో మీకు కనబడదు. మీ బదులు చూడటానికి ప్రభుత్వం నన్ను పెట్టింది, చేతికి ఒక డబ్బా ఇచ్చింది. ఐదు లీటర్ల డబ్బా. అడుగున వెడల్పు, పైకి పోయేకొద్దీ సన్నం. మెడ దగ్గర చిన్న గాజు పలక, దాని పక్కన ఒక గీత. పోసిన పెట్రోలు గీత దగ్గరికి రావాలి. కాస్త కిందా మీదా అయినా చెల్లుతుంది. మరీ కిందికి ఉంటే ఆ బంకువాడు మిమ్మల్ని మోసం చేస్తున్నట్టు లెక్క.

అయితే ఆ డబ్బాను ముందు తడపాలి. కొత్త కుండ నీళ్ళు తాగినట్టు పొడి డబ్బా కూడా కొంత తాగుతుంది. లోపలి గోడలకు, అడుగుకు కొంచెం పెట్రోలు పట్టి ఉంటుందన్న లెక్కతోనే ఆ గీత గీశారు. అందుకని మొదట ఒకసారి నిండా పోయించి, ఆ పెట్రోలును నేల కింది పెద్ద ట్యాంకులోకి తిరిగి ఒంపించి, డబ్బాను వంచి చివరి చుక్కలు కారేదాకా ఆగి, అప్పుడు అసలు కొలత తీస్తాం. తక్కువ వస్తే వెంటనే తప్పు పట్టకూడదు, మళ్ళీ కొలవాలి. ఈ రెండూ గుర్తుంచుకోండి చాలు. తడపాలి. మళ్ళీ కొలవాలి.

నాకు నిద్ర ఎక్కువ. ఇదీ చెప్పాలి, ఎందుకంటే తప్పు అక్కడే మొదలైంది. తెల్లవారకముందే లేచి వంట చేసి, డబ్బాలు కట్టి, ఆఫీసుకు పరుగెత్తే ఆడదానికి నిద్ర ఎక్కడ దొరికితే అక్కడే. బస్సులో పడుకుంటాను, జీపులో పడుకుంటాను. అందరినీ కొలిచే మేడం నిద్రకు మాత్రం కొలత లేదని మా ఆయన ఆటపట్టిస్తాడు. పైగా నాకు వచ్చే కలలు గొప్ప కలలేం కావు. ఎగరడాలూ రాజభవనాలూ ఉండవు. చేయాల్సిన పనులే వస్తాయి. కలలో బియ్యం కడిగి పొయ్యి మీద పెడతాను. లేచి చూస్తే బియ్యం డబ్బాలోనే ఉంటాయి. ఇలా ఎన్నిసార్లు అన్నం ఆలస్యమైందో మా ఇంట్లోవాళ్ళకు తెలుసు.

ఎండలు అప్పుడప్పుడే ముదురుతున్న రోజులు. ఆటోవాళ్ళు కొందరు మా పై ఆఫీసరు దగ్గరికి వచ్చి, పెద్దవంగర దారిలో పెట్రోలు తక్కువ పోస్తున్నారని ఫిర్యాదు చేశారు. ఏ బంకు అని చెప్పలేకపోయారు. అంతకు ముందు వారమే మీటింగులో ఆ పై ఆఫీసరు నా రిపోర్టులు తిరగేసి, ఈ మేడం పోయిన ప్రతి బంకూ బంగారమే అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చి గిన్నెలు తోముతూ ఏడ్చాను. ఆడది కాబట్టి గట్టిగా అడగలేదు, చాయ్ పోస్తే కరిగిపోతుంది అని వాళ్ళ లెక్క. ఈసారి ఒక్కడన్నా దొరకాలి అనుకున్నాను. ఎవరు అన్నది ముఖ్యం కాదు, దొరకాలి. ఈ కోరిక ముందే నాలో ఉంది. అందుకే మొత్తం నిద్ర మీదికి తోసేసి ఊరుకోలేను.

పొద్దున స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర ఒక బంకు చూశాం. అక్కడ అన్నీ పద్ధతిగా చేశాను. తడిపాను, ఒంపించాను, కొలిచాను. సరిగ్గా వచ్చింది. మధ్యాహ్నానికి పెద్దవంగర దాటి లచ్చిరాం బంకుకు చేరాం. లచ్చిరాం పక్క తండా మనిషి. ఆ తండాలో పొలం, కూలి తప్ప వేరే బతుకు చూసినవాడు అతనే మొదట. బంకులో ఒకటే పెట్రోలు గన్ను, ఒకటే డీజిలు గన్ను. గన్ను పట్టి పోసేది అతని భార్య తమ్ముడు కిషన్. మేం వెళ్ళేసరికి కిషన్ ఒక్కడే ఉన్నాడు. బావ మిర్చి కల్లం దగ్గరున్నాడనీ, నేల ట్యాంకు తాళం ఆయన మొలతాడుకే ఉంటుందనీ చెప్పి ఫోను చేశాడు. మా డ్రైవరు డబ్బాను జీపు ముందు ఎండలో పెట్టి అన్నం తినడానికి పోయాడు. నేను చింతచెట్టు నీడకు జీపులోనే కూర్చున్నాను.

గాలిలో మిర్చి ఘాటు. బంకు నేల మీద ఎండ నీళ్ళలా కదులుతోంది. పెట్రోలు ఆవిరి లేచే చోట అవతలి పొలం, కరెంటు స్తంభం, నడిచిపోతున్న మేకలు, అన్నీ కొద్దిగా వంగి మళ్ళీ నిలబడుతున్నాయి. ఎప్పుడు కళ్ళు మూశానో తెలియదు. తెలిసిందల్లా నేను లేచి పని మొదలుపెట్టాననే. డబ్బా నిండా పోయించాను. నేల ట్యాంకు మూత తీయించాను. పెట్రోలు ఒంపుతుంటే సన్నటి శబ్దం. డబ్బా బోర్లించి పట్టుకున్నాను. ఒక్కో చుక్కా చాలా నెమ్మదిగా జారుతోంది, జారుతూ ఎండను పట్టుకుని మెరుస్తోంది. ఎంత హాయిగా ఉందో. ఇంత శ్రద్ధగా పని చేస్తున్నాను కదా అని నా మీద నాకే ముచ్చటేసింది.

"మేడం, జర సూస్తరా?" అని లచ్చిరాం పిలిచాడు. లేచాను. చేతులకు పెట్రోలు వాసన ఉంది. అది పొద్దుటి వాసన. తడపడం అయిపోయింది కదా అనుకుని డబ్బా గన్ను కింద పెట్టించి, పొయ్యమన్నాను.

కిషన్ వెంటనే పోయలేదు. బావ వైపు తిరిగి వాళ్ళ భాషలో ఏదో అన్నాడు. రెండు మూడు మాటలే. నాకు ఆ భాష రాదు. లచ్చిరాం విసుగ్గా చెయ్యి ఊపాడు, కానివ్వు అన్నట్టు. కిషన్ పోశాడు. ఆ మాటలు ఏమై ఉంటాయి? పోయినసారి ముందు ఒకసారి నింపి ఒంపారు కదా అన్నాడా? ఎండ బాగా కొడుతోంది అన్నాడా? ఆ శబ్దం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది, అర్థం మాత్రం లేదు. ఏమంటున్నాడు అని నేను ఒక్క మాట అడిగితే సరిపోయేది.

పెట్రోలు గీతకు కిందే ఆగింది. చెల్లే హద్దుకు కూడా కింద, కొంచెమే కింద. నాలో ఏదో జివ్వుమంది. దొరికాడు. అప్పటికే రోడ్డు మీద ఆటోలు ఆగాయి, ఎవరో ఫోను పైకెత్తి వీడియో తీస్తున్నారు. చూశారా, చెప్పలేదా అని వెనక నుంచి గొంతులు. మళ్ళీ కొలవాలి. అది నాకు గుర్తుంది. స్పష్టంగా గుర్తుంది. మళ్ళీ కొలిస్తే ఒకవేళ సరిగ్గా వస్తే ఇంతమంది ముందు నా ముఖం ఏమవుతుంది అన్న ఆలోచన కూడా గుర్తుంది. మొదటి తప్పు నిద్రలో జరిగింది. రెండోది జరిగినప్పుడు నేను పూర్తిగా మేలుకునే ఉన్నాను. సీసం, తీగ తెప్పించి పెట్రోలు గన్నుకు సీలు వేశాను. లచ్చిరాం నా వైపు చూడలేదు. కిషన్‌నే చూస్తున్నాడు.

తిరిగి వస్తుంటే పొద్దు వాలింది. కిటికీకి తల ఆనించి నా పనితనాన్ని నేనే మళ్ళీ చూసుకుంటున్నాను. నింపించాను, మూత తీయించాను, ఒంపించాను. మూత తీసింది ఎవరు? తాళం లచ్చిరాం దగ్గరుంది, లచ్చిరాం అప్పటికి రాలేదు. మరి ఎవరు తీశారు? మనసులో ఆ బొమ్మను దగ్గరికి తెచ్చుకుని చూశాను. తెల్ల బనీను, భుజం మీద తువ్వాలు, వంగి మూత ఎత్తుతున్న చేతులు. మా నాయిన. మా నాయిన పోయి చాలా ఏళ్ళయింది. డబ్బా తడిపింది కలలోనే.

మా నాయినకు ఊళ్ళో చిన్న కిరాణా కొట్టు ఉండేది. కిరసనాయిలు పోసేవాడు. కొలిచి పోశాక గరిటెడు కొసరు వేసేవాడు. అడిగినా వేసేవాడు, అడగకపోయినా వేసేవాడు. నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని చూడమ్మా, కొలత మనది కాదు, వాళ్ళది అనేవాడు. ఆయన కలలోకి వచ్చి మూత తీశాడంటే నన్ను కాపాడటానికి వచ్చాడా, పట్టించడానికి వచ్చాడా? ఇది నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.

మరునాడు పొద్దున్నే వెళ్ళి సీలు తీసి, నాదే పొరపాటు అని డబ్బా తడిపి మళ్ళీ కొలిస్తే అయిపోయేది. అంత తేలిక. కానీ ఇంటికి చేరేలోపే వీడియో ఊరూరా తిరిగింది. పై ఆఫీసరు ఫోను చేసి, ఇన్నాళ్ళకు ఒక పని చేశారు మేడం అని మెచ్చుకున్నాడు. మా ఆయన మిరపకాయ బజ్జీలు తెచ్చాడు. ఇంట్లో అందరూ ఆ వీడియోను మళ్ళీ మళ్ళీ పెట్టుకుని చూశారు. అందులో నేను చాలా గట్టిదానిలా కనబడ్డాను. ఆ ఫోను వెలుగులో నా పిల్లల ముఖాలు చూసి, రేపు చెబుదాంలే అనుకున్నాను. ఆ రేపు ఇంతవరకూ రాలేదు.

వారం పది రోజులకు, మిషను బాగు చేయించాం, వచ్చి చూడమని లచ్చిరాం నుంచి కబురు వచ్చింది. మెకానిక్కు వచ్చి పోసే కొలతను కొంచెం పైకి తిప్పాడట. ఈసారి డబ్బాను పద్ధతిగా తడిపాను. కొలిచాను. పెట్రోలు గీత దాటి పైకి లేచింది. లేవదా మరి? సరిగ్గా ఉన్నదాన్ని బాగు చేశారు. గాజు పలకలో ఆ మట్టం నన్నే చూస్తున్నట్టు ఉంది. కిందికి దించండి అంటే మెకానిక్కు, అయితే మొదట బాగానే ఉండె గద మేడం అంటాడు. హద్దులోనే ఉంది కదా అని మనసుకు సర్దిచెప్పుకుని, పైకి ఉన్నదాన్ని పైకే ఉంచి ముద్ర వేశాను.

గన్ను దగ్గర ఇంకెవరో ఉన్నారు. కిషన్ కనబడలేదు. మీ బామ్మర్ది లేడా అని అడిగాను.

"ఎల్లగొట్టిన మేడం" అన్నాడు లచ్చిరాం. "గన్ను పట్టేది వాడే గద. తక్కువ ఎట్ల వచ్చిందిర అంటె, నేనేం చెయ్యలే బావా అంటడు, గంతే. ఇంకో మాట లేదు. నాకు తెల్వకుంట ఎన్ని దినాల సంది జేస్తున్నడో. ఇంట్ల మా ఆమె తిండి బంద్ వెట్టింది. తమ్ముడు గసొంటోడు కాదంటది. నేను ఎవల్ని నమ్మాలె? గవర్నమెంటు కొలత అబద్ధమాడదు గద మేడం?"

ఊరికే అన్న మాట కాదది. నన్నే అడిగాడు. జవాబు కోసం నా ముఖంలోకి చూస్తూ ఆగాడు. ఇప్పుడు తలుచుకుంటే అతను నా చేత కాదనిపించుకోవాలనే ఆగాడేమో అనిపిస్తుంది. అప్పుడప్పుడు కొలత తప్పవచ్చు లచ్చిరాం అని నేను ఒక్క మాటంటే, పరుగెత్తుకుపోయి బామ్మర్దిని తెచ్చుకునేవాడేమో. చింతచెట్టు మీద ఎండ. ఆవిరిలో కరెంటు స్తంభం వంగి నిలబడింది. నాకు నిద్ర వస్తున్నట్టు, ఇదీ కలేనన్నట్టు అనిపించింది.

"ఆడదు" అన్నాను.

అతను తల ఊపాడు. ఏదో తెగిపోయినట్టు మెల్లగా ఊపి, చాయ్ చెప్పమంటారా అన్నాడు.

ఆ ఏడాదంతా చుట్టుపక్కల దాన్ని దొంగ బంకు అన్నారు. అంటూనే అవసరానికి అక్కడే పోయించుకున్నారు. వాళ్ళు అడిగినదానికంటే ప్రతిసారీ కొంచెం ఎక్కువే పడింది. లచ్చిరాంకు తెలియదు, పోయించుకున్నవాళ్ళకూ తెలియదు. దొంగ అని తిట్టిన నోళ్ళే అతని కొసరు తీసుకుని పోయాయి. తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. మరుసటి ఏడు, ఏటా వేసే ముద్ర కోసం నేనే వెళ్ళి, వాడకంలో కొంచెం తేడా వచ్చిందని అబద్ధం చెప్పి దాన్ని సరిచేయించాను. డబ్బాతో సరిచేయగలిగింది అంతే.

ఆ రోజు లోపల కుర్చీలో లచ్చిరాం భార్య సక్రి ఉంది. మంచినీళ్ళు ఇచ్చింది. మీ తమ్ముడు బాగున్నాడా అని అడిగాను. ఎందుకు అడిగానో నాకే తెలియదు, పుండును గోకినట్టు. భూపాలపల్లిలో బొగ్గు లారీల మీద ఉంటున్నాడనీ, తీజ్ పండక్కి కూడా తండాకు రాలేదనీ చెప్పింది. తీజ్ రోజున పెళ్ళికాని ఆడపిల్లలు పెంచిన మొలకల బుట్టల దగ్గర అన్నదమ్ములు ఉండాలట, పెళ్ళికి ముందు ఆమె బుట్ట దగ్గర కిషనే ఉండేవాడట. ఈసారి పండక్కి ఆమె పక్కన ఎవరూ లేరు. ఇది నన్ను నిష్ఠూరమాడుతూ చెప్పలేదు. ఏడ్వలేదు కూడా. నీళ్ళ చెంబు మళ్ళీ నింపి నా ముందు పెట్టింది. తాగలేకపోయాను.

తర్వాత నన్ను ఆ దారి నుంచి మార్చారు. లచ్చిరాం మళ్ళీ ఎదురుపడలేదు. ఒకసారి పని మీద భూపాలపల్లి వెళ్ళాను. రోడ్డంతా బొగ్గు దుమ్ము, చెట్ల ఆకులు కూడా నల్లగా ఉన్నాయి. ఒక లారీ పక్కన ఒకతను సీసాలో నీళ్ళతో ముఖం కడుక్కుంటున్నాడు. నలుపు కారుతూ కారుతూ కింద నుంచి ఒక ముఖం బయటికి వస్తోంది. కిషన్‌లాగే ఉన్నాడు. నిజంగా కిషనేనా? కారు ఆపమని చెప్పడానికి నోరు తెరిచాను. ఆపితే దిగాలి. దిగితే చెప్పాలి. అద్దం దించలేదు. అతను ముఖం తుడుచుకోకముందే మలుపు వచ్చేసింది. ఆ రాత్రి కలలో ఆ నీళ్ళు కారుతూనే ఉన్నాయి, ముఖం మాత్రం చివరిదాకా బయటపడలేదు.

డబ్బా కల కూడా వస్తుంది. ఇప్పటికీ. పెట్రోలు పోస్తూ ఉంటారు, మట్టం మెడ దాకా వస్తుంది, గీత దగ్గరికి మాత్రం రాదు. మా నాయిన తువ్వాలు భుజాన వేసుకుని పక్కన నిలబడి ఉంటాడు. కోప్పడితే బాగుండునని చూస్తాను. కోప్పడడు.

ఇదంతా ఎందుకు దాచాను? ఉద్యోగం పోతుందనా? పోదు. పొరపాటు ఒప్పుకున్నవాళ్ళను చూశాను, ఒక మెమోతో సరిపోతుంది. మరి భయం దేనికి? మెత్తనిది అన్నవాళ్ళు మళ్ళీ మెత్తనిది అంటారని. అంతే. ఒక అక్కా తమ్ముళ్ళ మధ్య ఇన్నేళ్ళు ఖాళీ పెట్టింది ఆ భయమే. ఇంత చిన్న కారణం ముందుకు రావడానికి సిగ్గుపడి, ఇన్నాళ్ళూ పెద్ద పెద్ద కారణాల వెనక దాక్కుంది. రాస్తుంటే బయటపడింది.

మీరు నన్ను క్షమించాలని రాయలేదు. క్షమించడం మీ చేతుల్లో లేదు, మీ ట్యాంకులోకి రావాల్సింది ఏమీ తగ్గలేదు. దీన్ని ఎక్కడ అచ్చేసినా పెద్దవంగర అవతలి తండాకు చేరుతుందో లేదో చెప్పలేను. నా పేరు లేకపోయినా లచ్చిరాం చదివితే ఇది ఎవరు రాశారో, ఎవరి కోసం రాశారో అతనికి తెలుస్తుంది. తెలియాలని ఉంది. తెలుస్తుందేమోనని వణుకూ ఉంది. రెండూ నిజమే. అయినా ఈ పూట చేతులు కొంచెం తేలికగా ఉన్నాయి. దించానని కాదు. డబ్బా నా చేతిలోనే ఉందని మొదటిసారి ఒకరికి చూపించాను.

నువ్వు ఆ రోజు అడిగి ఆగావు, లచ్చిరామన్నా. జవాబు ఇప్పుడు చెబుతున్నాను. గవర్నమెంటు కొలత అబద్ధమాడింది. ఆడించింది నేను. డబ్బా తడపలేదు, మళ్ళీ కొలవలేదు. నీ బామ్మర్ది చెప్పింది నిజం. అతను ఏమీ చెయ్యలేదు.